ఘాట్ రోడ్డులో లారీ లాగడం లేదా? ఎగ్జాస్టు బ్రేకు పట్టేసిందేమో చూడండి

మదనపల్లె యార్డులో లోడయిన టమాటా లారీ తెల్లవారక ముందే చెన్నై కోయంబేడు మార్కెట్టులో దిగాలి. దూరం చూస్తే సుమారు 250 కిలోమీటర్లు, ఒక్క రాత్రి ప్రయాణం. కాని మధ్యలో కొండ దిగాలి. మదనపల్లె సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తున ఉంది, చెన్నై సముద్రం ఒడ్డునే ఉంది. పీలేరు మీదుగా తిరుపతికి పోయే బండ్లు భాకరాపేట ఘాటు దిగుతాయి. పుంగనూరు, పలమనేరు మీదుగా పోయేవి మొగిలి ఘాటు దిగుతాయి. ఈ రెండు ఘాట్లలో ఏ రాత్రి చూసినా బానెట్టు ఎత్తుకునో, క్యాబిను వంచుకునో నిలబడిన లారీ ఒకటయినా కనిపిస్తుంది.

అలా నిలబడిన లారీలో సరుకు ఒక్క రైతుది కాదు. నలుగురైదుగురు చిన్న రైతులు కలిసి ఎత్తిన క్రేట్లు అందులో ఉంటాయి. ఎకరా, ఎకరన్నర తోట కోసుకుని, బాడుగ పంచుకుని, ఒకాయన క్యాబిన్లో కూర్చుని సరుకుతోపాటు వెళతాడు. బండి ఎనిమిది గంటలు ఆలస్యమైతే మార్కెట్టు అయిపోతుంది. ఎండలో నిలబడితే కింది క్రేట్లలో కాయ మెత్తబడుతుంది. 2023 జూలైలో మాదిరి కిలో వంద రూపాయలు దాటిన రోజుల్లో ఆ నష్టం ఎంతో చెప్పనక్కర లేదు. ధర లేని రోజుల్లోనయితే బాడుగ కూడా చేతి నుంచి కట్టాల్సి వస్తుంది. అందుకే లారీ సంగతి డ్రైవరు చూసుకుంటాడులే అనుకోకుండా, ఈ ఒక్క జబ్బు గురించి రైతులు కూడా తెలుసుకుంటే మంచిది. పాత లారీ ఒకటి కొనుక్కుని ఊరి సరుకంతా తోలుతున్న రైతు కుటుంబాలకు ఇది మరీ అవసరం.

సైకిలు పంపు మూతి మూసినట్టు

ఎగ్జాస్టు బ్రేకు అంటే చక్రాలను పట్టే బ్రేకు కాదు. ఇంజను నుంచి పొగ బయటికి పోయే గొట్టంలో ఒక గుండ్రటి రేకు ఉంటుంది. దాన్ని ఫ్లాపు అనీ, బటర్‌ఫ్లై వాల్వు అనీ అంటారు. మామూలుగా అది గొట్టానికి వాలుగా తెరుచుకుని ఉంటుంది, పొగ దాని పక్కనుంచి పోతుంది. డ్రైవరు స్విచ్చు వేయగానే అడ్డంగా తిరిగి గొట్టాన్ని మూస్తుంది. డీజిలు సరఫరా ఆగిపోతుంది. చక్రాలు ఇంజనును తిప్పుతుంటాయి, ఇంజనులోని పిస్టన్లు గాలిని మూసిన గొట్టంలోకి నెట్టలేక మొరాయిస్తాయి. సైకిలు పంపు మూతికి వేలు అడ్డం పెట్టి కొట్టి చూడండి, పిడి కిందికి దిగదు. ఇక్కడ జరిగేదీ అదే. ఆ మొరాయింపే బండి వేగాన్ని పట్టి ఉంచుతుంది.

దీని అవసరం ఏమిటో ఒక లెక్క వేసి చూద్దాం. సరుకుతో కలిపి 16 టన్నుల బరువున్న లారీ 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. ఆ దిగడంలో పుట్టే శక్తి అంతా వేడిగా మారితే సుమారు 160 లీటర్ల నీళ్లను మరిగించవచ్చు. గాలి, టైర్ల రాపిడి ఇందులో కొంత తీసుకుంటాయి. మిగిలినదాన్ని కాలి బ్రేకు మీదే వేస్తే ఆ వేడంతా బ్రేకు డ్రమ్ముల్లోకి పోతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు పోతుంది, పెడలు ఎంత తొక్కినా బండి ఆగదు. ఘాట్ కింద నిలిపిన లారీ చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంటే డ్రైవరు కొండంతా కాలి బ్రేకు మీదే దింపాడని తెలుసుకోవచ్చు.

2022 మార్చిలో భాకరాపేట ఘాటులో నిశ్చితార్థానికి పోతున్న బస్సు లోయలో పడి పలువురు చనిపోయారు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాటులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని మళ్లీ ప్రాణాలు పోయాయి. ఈ ప్రమాదాలకు ఎగ్జాస్టు బ్రేకే కారణమని మేము చెప్పడం లేదు. ఈ దారిలో వేగం చేయి దాటితే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు తెలుసు, గుర్తు చేయడం వరకే.

మూసుకుని పట్టేస్తే ఒక తీరు, తెరుచుకుని పట్టేస్తే ఒక తీరు

ఈ ఫ్లాపును తిప్పడానికి గాలి కావాలి. బ్రేకుల కోసం ఉండే గాలి ట్యాంకు నుంచే ఒక సన్న పైపు వస్తుంది. దారిలో కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు ఉంటుంది, దాన్ని సోలినాయిడ్ అంటారు. స్విచ్చు వేస్తే సోలినాయిడ్ తెరుచుకుంటుంది, గాలి ఒక చిన్న సిలిండరులోకి పోతుంది, దాని రాడ్డు లివరును నెడుతుంది, లివరు ఫ్లాపును తిప్పుతుంది. స్విచ్చు తీస్తే సిలిండరులోని గాలి సోలినాయిడ్‌కున్న చిన్న రంధ్రం గుండా ‘టుస్’మని బయటికి పోతుంది, స్ప్రింగు లివరును వెనక్కి లాగుతుంది. మన రోడ్ల మీది ఎక్కువ బళ్లలో ఏర్పాటు ఇలాగే ఉంటుంది. చాలావాటిలో యాక్సిలేటరు తొక్కినా, క్లచ్చు తొక్కినా బ్రేకు దానంతటదే వదిలేసేలా పెడళ్ల దగ్గర చిన్న స్విచ్చులు కూడా ఉంటాయి.

ఫ్లాపు తెరుచుకున్న స్థితిలోనే బిగిసిపోతే బండి మామూలుగా నడుస్తుంది, పికప్‌కు లోటుండదు. ఘాట్‌లో స్విచ్చు వేసినప్పుడు మాత్రం బండి పట్టదు, శబ్దం మారదు. మైదానంలో తిరిగే బళ్లలో ఈ సంగతి నెలల తరబడి ఎవరూ గమనించరు. కొండ దిగే రోజున బయటపడుతుంది. ప్రాణానికి ముప్పు దీనితోనే ఎక్కువ.

మూసుకున్న స్థితిలో బిగిస్తే ముందు దెబ్బ తినేది జేబు. ఫ్లాపు పూర్తిగా గాలి చొరకుండా మూయదు, కాస్త సందు వదిలే చేస్తారు. అందువల్ల ఇంజను స్టార్టు అవుతుంది, ఆగకుండా గుడుగుడుమంటూనే ఉంటుంది. గేరు వేసి కదిలిస్తే మాత్రం బండి లాగదు. యాక్సిలేటరు అడుగంటా తొక్కినా రెండో గేరు దాటదు. నల్లపొగ, ఇంజను వేడి, పొగగొట్టంలో బిగబట్టిన శబ్దం. అలాగే మొండిగా తోలితే టర్బో, వాల్వులు దెబ్బ తింటాయి. సగంలో ఆగితే ఇంకా చిక్కు. బండి నడుస్తుంది, కాని డీజిలు తాగుతుంది, ఎక్కుడులో నీరసిస్తుంది. ఏమిటో అంతుపట్టదు.

అంతుపట్టకపోవడం వల్లనే ఖర్చు. బండి లాగడం లేదనగానే డీజిలు ఫిల్టరు మారుస్తారు. తగ్గకపోతే నాజిళ్లు విప్పుతారు. ఆ తర్వాత పంపును క్యాలిబ్రేషనుకు పంపుతారు. టర్బో పోయిందనే మాట కూడా వస్తుంది. వేల రూపాయలు అయ్యాక ఎవరో ఒకరు కిందికి దూరి లివరు చూస్తారు, అది వెనక్కి రాకుండా ఆగిపోయి కనిపిస్తుంది. లివరు చూడటానికి రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. కాబట్టి ఏ పానా పట్టకముందే అది చూడమనండి. అలాగని నల్లపొగ వచ్చిన ప్రతి బండికీ ఇదే జబ్బని కాదు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా పొగ నల్లగానే వస్తుంది. రెంటినీ చూసుకున్నాకే నాజిళ్ల దాకా పోవాలి.

ముందు బండిని కదలకుండా చేయండి

వాలులో ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఎంత తొందరున్నా సరే. మెల్లగా తోలుకుని చదునుగా ఉన్న చోటికి తెచ్చి, పార్కింగు బ్రేకు వేసి, గేరు తీసి, చక్రాలకు ముందూ వెనుకా చెక్కదుంగలో పెద్ద రాళ్లో పెట్టాలి. ఇంజను ఆపి కనీసం అరగంట, ముప్పావు గంట చల్లారనివ్వాలి. ఫ్లాపు ఉండే చోటు టర్బోకు దగ్గర. లోడు మీద నడిచి వచ్చిన బండికి ఆ గొట్టం వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, తగిలితే చర్మం ఊడి వస్తుంది. చెయ్యి దగ్గరగా పెట్టి చూసి వేడి తగలకపోతేనే ముట్టుకోవాలి. రాత్రిపూటయితే వెనక కొంత దూరంలో ప్రమాద సూచిక త్రికోణం పెట్టి, ఇండికేటర్లు వెలిగించి ఉంచాలి. చెట్టు కొమ్మలు, రాళ్లు రోడ్డు మీద పెట్టే అలవాటు మనవాళ్లకు ఉంది. పెట్టినవాళ్లు పోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి, వెనక వచ్చే మోటారు సైకిలు వాడు పడతాడు.

జబ్బు ఎక్కడుందో విడదీయడం

ఇక పరీక్ష. దీనికి ఇద్దరు కావాలి. గాలి మీటరు ముల్లు 7 కిలోల దగ్గర ఉండాలి. గాలి తక్కువుంటే ఏ పరీక్ష చేసినా ఫలితం తప్పుగానే వస్తుంది. ఒకరు క్యాబిన్లో తాళం తిప్పి స్విచ్చు వేసి తీస్తుండాలి, రెండోవారు టార్చి లైటుతో లివరును గమనించాలి. చేతులు మాత్రం దూరంగా ఉంచాలి. ఆ రాడ్డు ఒక్కసారిగా తన్నుకొస్తుంది, మధ్యలో వేలుంటే నలిగిపోతుంది. కొన్ని బళ్లలో ఇంజను నడుస్తుంటేనే ఇది పనిచేస్తుంది. అటువంటప్పుడు కిందికి దూరకుండా పక్కనుంచి చూడాలి.

స్విచ్చు వేసినా లివరు కదలకపోతే సోలినాయిడ్ దగ్గర చెవి పెట్టి వినాలి. ‘టక్’మని చిన్న శబ్దం వస్తే కరెంటు అందుతోందని అర్థం. రాకపోతే ఫ్యూజు, స్విచ్చు, వైరు చూసుకోవాలి. యాక్సిలేటరు పెడలు కింద ఉండే చిన్న స్విచ్చుకు బురద పట్టి బిగిసినా, అది చోటు జరిగినా, పెడలు తొక్కినట్టే లెక్క కట్టుకుని బ్రేకు పనిచేయదు. కాలి కింది రబ్బరు పట్టా మడత పడి పెడలుకు అడ్డం ఉన్నా ఇంతే. ముందు ఆ పట్టా తీసి చూడటం మంచిది.

శబ్దం వస్తోంది, లివరు కదలడం లేదు. అప్పుడు సిలిండరు దగ్గర గాలి పైపు వదులు చేసి స్విచ్చు వేసి చూడాలి. పైపులోంచి గాలి గట్టిగా వస్తే సోలినాయిడ్ బాగానే ఉంది, జబ్బు సిలిండరులోనో ఫ్లాపులోనో ఉంది. గాలి రాకపోతే పైపు నలిగిందో, సోలినాయిడ్ మూసుకుపోయిందో చూడాలి. పైపు విప్పేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. గాలితోపాటు దుమ్ము, నూనె కంట్లో కొడతాయి.

మూసుకుని బిగిసిన బండికి వరుస కాస్త వేరు. మొదట సోలినాయిడ్‌కు వచ్చే కరెంటు ప్లగ్గు ఊడదీయాలి. తీయగానే లివరు వెనక్కి వస్తే తప్పు స్విచ్చులోనో, ఎక్కడో రాసుకుపోయి కలిసిన వైరులోనో ఉంది. ఎలక్ట్రీషియను పని అది. ప్లగ్గు తీసినా రాకపోతే గాలి పైపు మెల్లగా వదులు చేయాలి. ఒకసారి ‘టుస్’మని గాలి పోయి లివరు వెనక్కి వస్తే, సిలిండరులో చిక్కుకున్న గాలి బయటికి పోయే దారి లేక ఆగిందన్నమాట. సోలినాయిడ్‌కున్న ఆ చిన్న రంధ్రాన్ని బురద మూసి ఉంటుంది. బండి కొన్నాళ్లు కదలకుండా నిలబడి ఉంటే కుమ్మరి పురుగు అందులో మట్టిగూడు కట్టే అవకాశం కూడా ఉంది. సన్న తీగతో మెల్లగా తీసి శుభ్రం చేస్తే సరిపోతుంది. అలాకాక గాలి ఆగకుండా కొడుతూనే ఉంటే సోలినాయిడ్ తెరుచుకుని బిగిసింది, మార్చాల్సిందే.

గాలి అంతా పోయినా లివరు అలాగే ఉందంటే ఇక ఇనుము సంగతి. సిలిండరు రాడ్డును లివరుకు కలిపే పిన్ను ఒకటుంటుంది. దాని కాటరు పిన్ను తీసి రెంటినీ విడదీయాలి. లివరును చేత్తో తిప్పితే సులువుగా తిరిగితే ఫ్లాపు బాగుంది, సిలిండరులో స్ప్రింగు విరిగిందో, రాడ్డు తుప్పు పట్టిందో. తిరగకపోతే ఫ్లాపు ఇరుసు మసితో, తుప్పుతో పట్టేసింది. ఎక్కువ బళ్లలో చివరికి తేలేది ఇదేనని మెకానిక్కులు చెబుతుంటారు.

పాత రకం బళ్లు కొన్నింటిలో ఇంకో సంగతి ఉంది. ఎగ్జాస్టు బ్రేకు నొక్కగానే మరో చిన్న సిలిండరు డీజిలు పంపు స్టాపు లివరును కూడా లాగుతుంది. అది వెనక్కి రాకుండా ఆగితే ఇంజను స్టార్టే కాదు. సెల్ఫు తిరుగుతుంది, డీజిలు ఉంది, గాలి పట్టలేదు, అయినా స్టార్టు కాదు అన్నప్పుడు పంపు దగ్గరి ఆ లివరును కూడా చూడాలి.

సుత్తి దెబ్బకు కాదు, ఓపికకు వదులుతుంది

ఇరుసు పట్టేసినప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని లివరు కొస మీద సుత్తితో కొట్టడం. లివరు వంగుతుంది లేదా ఇరుసు మెలి తిరుగుతుంది. ఆ తర్వాత ఫ్లాపు ఎప్పటికీ సరిగా మూయదు, సరిగా తెరవదు. అలా చేయకండి. తుప్పు వదిలించే స్ప్రే ఏ స్పేరు పార్టుల షాపులోనయినా దొరుకుతుంది. గొట్టం చల్లగా ఉన్నప్పుడు ఇరుసు రెండు కొసల దగ్గరా కొట్టి, వీలుంటే రాత్రంతా నానబెట్టాలి. ఉదయాన చిన్న సుత్తితో ఇరుసు కొస మీద తేలిగ్గా తట్టుతూ, లివరును అటూ ఇటూ కొద్ది కొద్దిగా కదిలించాలి. మొదట నూలు మందం కదులుతుంది. మళ్లీ స్ప్రే కొట్టాలి, మళ్లీ కదిలించాలి. పూర్తిగా తిరిగేదాకా ఇదే పని. గంట పట్టవచ్చు, రెండు గంటలు పట్టవచ్చు. ఎంతకీ లొంగకపోతే గొట్టం నుంచి మొత్తం విప్పి బల్ల మీద పెట్టి మసి గీకడం తప్పదు. తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్టు వేయించండి. పాతదే వేస్తే పొగ లీకై వైర్లు కాలుతాయి.

వదులు కావాలని బ్లో ల్యాంపుతోనో గ్యాసు మంటతోనో కాల్చడం కొందరి అలవాటు. పక్కనే డీజిలు పైపులు, నైలాను గాలి పైపులు, వైర్లు ఉంటాయి. బండి మీద ఉండగా మంట పెట్టనివ్వకండి.

వదులయ్యాక ఇంజను ఆయిలు గాని మామూలు గ్రీజు గాని పూయకూడదు. ఆ వేడికి అది మాడి బొగ్గవుతుంది, పది రోజుల్లో మళ్లీ పట్టేస్తుంది. వేడికి తట్టుకునే గ్రాఫైటు గ్రీజో, రాగి పొడి కలిసిన గ్రీజో అడిగి తెచ్చుకోవాలి. లివరు పిన్నుకు, సిలిండరు రాడ్డుకు కూడా కొద్దిగా అదే పూస్తే చాలు.

దారిలో ఆగిపోతే

కొండ మధ్యలో, రాత్రి పన్నెండింటికి, లోడుతో ఫ్లాపు మూసుకుపోయి ఆగిందనుకోండి. మెకానిక్కు దొరకడు. అప్పుడు చేయగలిగిన తాత్కాలిక ఏర్పాటు ఒకటి ఉంది. గాలి పైపు సిలిండరు దగ్గర విప్పి, సరయిన బోల్టుతో దాని మూతి బిగించాలి. నైలాను పైపయితే మడిచి బైండింగు వైరుతో గట్టిగా కట్టేవాళ్లూ ఉన్నారు. తర్వాత లివరును తెరుచుకునే వైపు పూర్తిగా నెట్టి, అది తిరిగి రాకుండా బైండింగు వైరుతో కట్టాలి. ఏ వైపు తెరుచుకునే వైపో ఎలా తెలుస్తుంది? స్ప్రింగు లాగే వైపే తెరుచుకునే వైపు.

ఇంతటితో బయలుదేరకూడదు. ఇంజను నడిపి గాలి పూర్తిగా ఎక్కించి, ఇంజను ఆపి, అయిదు నిమిషాలు గాలి మీటరు ముల్లును చూడాలి. ముల్లు దిగుతుంటే మీరు కట్టిన చోట గాలి లీకవుతోంది. అదే గాలి కాలి బ్రేకుకు కూడా కావాలి. ముల్లు నిలబడితేనే బండి కదపాలి. కదిలాక ఎగ్జాస్టు బ్రేకు లేదన్న సంగతి గుర్తుంచుకుని, ఇంకా ఒక గేరు తగ్గించి, మామూలుకన్నా మెల్లగా దిగాలి. ఇంకా పెద్ద ఘాటు దిగాల్సి ఉంటే, పైనే బండి నిలిపి తెల్లవారాక మెకానిక్కును పిలిపించడమే మేలు. నాలుగు క్రేట్లు పోతే పోనీ. సరుకు యజమానులు డ్రైవరును తొందర పెట్టడం ఇలాంటప్పుడు చాలా ప్రమాదం. టైము కట్టి అదనపు బాడుగ ఆశ చూపడం అంతకన్నా ప్రమాదం.

పైన చెప్పిన తీగ కట్టుడు వైద్యం పాత బళ్లకే. 2020 ఏప్రిలు నుంచి అమ్మిన బీఎస్-6 బళ్లలో ఇంజనును కంప్యూటరు నడుపుతుంది. కొన్నింటిలో ఆ ఫ్లాపును పొగ శుద్ధి చేసే పరికరాన్ని వేడిగా ఉంచడానికి కూడా వాడుకుంటారు. దాన్ని కట్టేస్తే డాష్‌బోర్డు మీద లైటు వెలిగి, ఇంజను శక్తి తనంతట తానే తగ్గిపోవచ్చు. అలాంటి బండికి కంపెనీ సర్వీసు వాళ్లకు ఫోను చేయడమే దారి.

పట్టేయకుండా ఉండాలంటే

వాడకపోతే పట్టేస్తుంది. ఇది విచిత్రంగా తోస్తుంది గాని నిజం. మైదానంలో ఎందుకులే అని నెలల తరబడి స్విచ్చు ముట్టుకోని బండిలో ఇరుసు చుట్టూ మసి పేరుకుని గట్టిపడుతుంది. రోజూ నాలుగయిదు సార్లు, సిగ్నలు దగ్గరో టోలుగేటు దగ్గరో వేసి తీస్తుంటే మసి నిలవదు. కాలి బ్రేకు లైనింగులు కూడా ఎక్కువ కాలం వస్తాయి.

రెండోది గాలి ట్యాంకుల్లో నీళ్లు. కంప్రెసరు పీల్చిన గాలిలోని తేమ ట్యాంకు అడుగున చేరుతుంది, వానాకాలంలో మరీ ఎక్కువ. ఆ నీళ్లు, ఆయిలు కలిసి సోలినాయిడ్‌లోకి పోయి తుప్పు పట్టిస్తాయి. ట్యాంకుల కింద ఉండే డ్రెయిను వాల్వును రోజూ సాయంత్రం బండి ఆపగానే లాగి వదలాలి. క్లీనరు చేసే పనే, కాని ఎవరూ అడగకపోతే వాడూ చేయడు. గాలి ఆరబెట్టే డ్రయరు ఉన్న బండిలో నీళ్లు వస్తున్నాయంటే ఆ డ్రయరు క్యాట్రిడ్జి మార్చాల్సిన టైమయిందని తెలుసుకోవాలి.

యార్డులో లోడింగు అయ్యేదాకా గంటల తరబడి ఇంజను ఆపకుండా ఉంచడం కూడా మసికి కారణమే. డీజిలు దండగ, మసి అదనం.

ఘాటు దిగేటప్పుడు గేరు ముందే తగ్గించుకోవాలి. కొండ ఎక్కడానికి ఏ గేరు కావాలో, దిగడానికీ అదే గేరు లేదా దానికన్నా ఒకటి తక్కువ. వాలు మొదలయ్యాక వేగం పెరిగిపోతే గేరు పడదు. ఎగ్జాస్టు బ్రేకు బలం ఇంజను వేగంగా తిరిగేటప్పుడే ఉంటుంది. టాపు గేరులో వేస్తే పేరుకే వేసినట్టు. క్లచ్చు తొక్కి పెట్టినా, న్యూట్రల్లో వదిలినా అది ఉన్నట్టూ లేనట్టే. డీజిలు మిగులుతుందని న్యూట్రల్లో దించే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. నిజానికి గేరులో ఉండి కాలు తీసేస్తే పంపు డీజిలు ఆపేస్తుంది, న్యూట్రల్లో పెడితేనే ఇంజను ఆగకుండా ఉండటానికి డీజిలు కాలుతుంది. మిగిలేది ఏమీ లేదు. సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు సన్న జల్లు పడుతుంటే మాత్రం ఈ బ్రేకు వాడకపోవడం మంచిది. వెనక చక్రాలనే పట్టి ఆపుతుంది కాబట్టి ఖాళీ బండి వెనక భాగం పక్కకు జారుతుంది.

పాత లారీ కొనేటప్పుడు

సెకండు హ్యాండు లారీ బేరమాడేటప్పుడు టైర్లు, బాడీ, కాగితాలు అందరూ చూస్తారు. పొగగొట్టం కింద ఈ లివరును కూడా చూడండి. తీగతో కట్టేసి ఉంటే ఎందుకు కట్టారో అడగండి. పికప్ పెరుగుతుందని ఫ్లాపును కోసి తీసేసిన బళ్లు, తెరిచి వెల్డింగు పెట్టిన బళ్లు మార్కెట్టులోకి వస్తుంటాయి. పికప్ పెరగడం ఒట్టిమాట. బాగున్న ఫ్లాపు తెరుచుకుని ఉంటే పొగకు చెప్పుకోదగ్గ అడ్డం ఉండదు. అటువంటి బండిని కొనాలనే అనుకుంటే కొత్త సెట్టు ఖరీదు కనుక్కుని ధరలో తగ్గించమనండి. అది వేయించేదాకా ఘాటు బాడుగలు ఒప్పుకోకండి. ట్రయలుకు తోలి చూసేటప్పుడు మూడో గేరులో కాస్త వేగం మీద స్విచ్చు వేసి కాలు తీయండి. శబ్దం మారి, ఎవరో వెనక్కి లాగినట్టు బండి తగ్గాలి. స్విచ్చు తీయగానే ఆ లాగడం పోయి బండి మళ్లీ తేలిగ్గా సాగాలి. వదలడానికి రెండు మూడు సెకన్లు పడుతుంటే పట్టేయడం మొదలయిందని గుర్తు.

ట్రాక్టరు ఉన్న రైతులు తమకూ ఈ బ్రేకు ఉందా అని వెతకనక్కర లేదు, సాధారణంగా ఉండదు. ట్రాలీతో వాలు దిగేటప్పుడు తక్కువ గేరే వారికి ఆధారం. రోడ్డు ఎక్కే ముందు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేసుకోవాలి. పొలంలో దమ్ము చేసేటప్పుడు విప్పింది అలాగే మరిచి రోడ్డెక్కితే, బ్రేకు తొక్కినప్పుడు ఒక పక్క చక్రం మాత్రమే పట్టి ట్రాక్టరు అటే తిరగబడుతుంది.